యాసిడ్ పోసినా పీహెచ్ మళ్ళీ మళ్ళీ ఎందుకు పెరుగుతుంది?

శ్రోతలకు నమస్కారం. ఇంట్లో స్విమ్మింగ్ పూల్ ఉన్నవాళ్ళ దగ్గర తరచూ వినపడే ఫిర్యాదు ఒకటుంది. పీహెచ్ పెరిగింది, యాసిడ్ పోశాం, తగ్గింది. వారం తిరక్కుండానే మళ్ళీ పెరిగింది, మళ్ళీ పోశాం. ఇదెక్కడి గోలండీ అంటారు. నీళ్ళు పరీక్షించే కిట్ తప్పు చూపిస్తోందని కొందరికి అనుమానం, యాసిడ్‌లో కల్తీ ఉందని కొందరికి అనుమానం. చాలాసార్లు కిట్టూ మంచిదే, యాసిడూ మంచిదే. ఇవాళ ఆ ఒక్క ఫిర్యాదు గురించే మాట్లాడతాను. పూల్ నీటి గురించి చెప్పుకోవలసినవి ఇంకా బోలెడున్నాయి, కానీ ఉన్న సమయం కొంచెమే.

ముందు పీహెచ్ సంగతి రెండు ముక్కల్లో. ఈ కొలతను 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ తీసుకొచ్చాడు. ఆయన పనిచేసింది ఒక బీరు తయారీ సంస్థ పెట్టిన ప్రయోగశాలలో. ఏడు దగ్గర నీరు తటస్థం, అంతకంటే తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. అంకె ఒకటి మారిందంటే ఆమ్లత పది రెట్లు మారినట్టు. 7.4 నుంచి 7.8కి వెళ్ళిందంటే ఏదో నాలుగు పాయింట్లే కదా అనిపిస్తుంది గానీ, ఆమ్లత అప్పటికే సగం కంటే తక్కువకు పడిపోయింది.

పూల్ నీరు 7.2కీ 7.8కీ మధ్య ఉండాలంటారు. ఎందుకంటే, మనం వేసే క్లోరిన్ నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. అందులో హైపోక్లోరస్ ఆమ్లం అనేదే క్రిములను చురుగ్గా చంపుతుంది. ఎండకు క్లోరిన్ పోకుండా కాపాడే స్టెబిలైజర్ కలపని నీటిలో పీహెచ్ 7.5 దగ్గర ఉంటే, క్లోరిన్‌లో దాదాపు సగం ఈ చురుకైన రూపంలో ఉంటుంది. ఎనిమిదికి వెళితే పావు వంతే మిగులుతుంది. క్లోరిన్ డబ్బులు అంతే, పని మాత్రం సగం. పైగా పీహెచ్ ఎక్కువైతే పలకల మీద తెల్లటి సున్నపు పొర కడుతుంది, నీళ్ళు మసకబారతాయి. మరీ తక్కువైతే గోడల పూత తినేస్తుంది, హీటర్‌లో రాగి గొట్టాలు పాడవుతాయి.

ఇప్పుడు అసలు కథకు వద్దాం. ఒక ఇంటి పూల్ ఉందనుకోండి. పొడవు ఎనిమిది మీటర్లు, వెడల్పు నాలుగు, లోతు సగటున ఒకటిన్నర. మూడూ గుణిస్తే 48 ఘనపు మీటర్లు, అంటే 48 వేల లీటర్లు. నింపింది బోరు నీళ్ళతో. ఒక పక్క రాళ్ళు పేర్చి, వాటి మీదుగా నీళ్ళు జలపాతంలా దూకేట్టు పెట్టారు. చూడటానికి ఎంతో బాగుంటుంది. ఆ ఇంటాయన ప్రతి ఆదివారం పీహెచ్ కొలుస్తాడు, 8.0 చూపిస్తుంది. యాసిడ్ పోస్తాడు, 7.2కి దిగుతుంది. మళ్ళీ ఆదివారం కొలుస్తాడు, 8.0.

ఆ యాసిడ్ ఏమైపోయిందో తెలుసుకోవడానికి ఒక చిన్న ప్రయోగం ఉంది. నాకు ఇది మహా ఇష్టం. యాసిడ్ కలిపి కొన్ని గంటలు పంపు తిరిగాక, పూల్‌లోంచి రెండు గ్లాసుల నీళ్ళు తీయండి. ఒక గ్లాసు కదపకుండా పక్కన పెట్టండి. రెండో గ్లాసు నీళ్ళను మరో గ్లాసులోకి, అందులోంచి మళ్ళీ ఇందులోకి, కాస్త ఎత్తునుంచి ముప్పై నలభై సార్లు తిరగబోయండి. తర్వాత రెండింటి పీహెచ్ చూడండి. తిరగబోసిన నీళ్ళలో పీహెచ్ ఎక్కువ చూపిస్తుంది. మీరు అందులో ఏమీ కలపలేదు. తిరగబోశారు, అంతే.

నీళ్ళలోంచి పోయింది కార్బన్ డయాక్సైడ్. బోరు నీళ్ళలో బైకార్బొనేట్లు అనే లవణాలు ఎక్కువగా ఉంటాయి. కిట్‌లో టోటల్ ఆల్కలినిటీ అని రాసి ఉండేది ప్రధానంగా వీటి కొలతే. యాసిడ్ పోసినప్పుడు బైకార్బొనేట్‌లో కొంత కార్బన్ డయాక్సైడ్‌గా మారి నీటిలోనే కరిగి ఉంటుంది. పీహెచ్ తగ్గుతుంది. కానీ అది అక్కడే ఉండదు. మూత తీసిన సోడాలోంచి గ్యాస్ పోయినట్టే మెల్లగా గాలిలోకి పోతుంది. అది పోయేకొద్దీ పీహెచ్ పైకి వస్తుంది. జలపాతం, ఫౌంటెన్, పిల్లల గంతులు, అన్నీ ఆ పోవడాన్ని తొందరపెట్టేవే. గ్లాసులతో మనం చేసింది ఆ జలపాతం రోజంతా చేస్తోంది.

అయితే ఆ ఇంటాయన పోసిన యాసిడ్ ఊరికే పోలేదు. పోసిన ప్రతిసారీ ఆల్కలినిటీ కొంత తగ్గింది. గ్యాస్ పోయి పీహెచ్ పెరిగినా ఆల్కలినిటీ తిరిగి పెరగదు. ఇది గుర్తుంచుకోండి, గ్యాస్ పోతే పీహెచ్ పెరుగుతుంది, ఆల్కలినిటీ పెరగదు. ఆయన కిట్‌లో పీహెచ్ సీసా ఒక్కటే తెరిచేవాడు. రెండో సీసా తెరిచి ఉంటే ఆల్కలినిటీ 180 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 180 భాగాలు, అని తెలిసేది. మామూలుగా చెప్పేది 80 నుంచి 120. ఎక్కువగా ఉన్నంతకాలం నీటిలో గ్యాస్ ఎక్కువ, అది పోతూనే ఉంటుంది, పీహెచ్ ఎక్కుతూనే ఉంటుంది.

కాబట్టి ఆల్కలినిటీని 90 దాకా దించాలి. పది వేల లీటర్ల నీటిలో ఆల్కలినిటీ 10 పీపీఎం తగ్గాలంటే 32 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ సుమారు 200 మిల్లీలీటర్లు పడుతుంది. ఈ పూల్‌కు లెక్క వేస్తే మొత్తం ఎనిమిదిన్నర లీటర్ల పైచిలుకు. ఒక్కసారిగా పోయకూడదు! పీహెచ్ 7.2కి దిగేంత పోయాలి, జలపాతం నడపాలి, 7.8 దాకా ఎక్కనివ్వాలి, మళ్ళీ పోయాలి. ఇంతకాలం విసిగించిన ఆ జలపాతమే ఇప్పుడు పనికొస్తుంది. ఆల్కలినిటీ 90కి చేరాక పీహెచ్ ఎక్కడం బాగా నెమ్మదిస్తుంది. ఆ తర్వాత 7.2 కోసం పట్టుబట్టవద్దని నా సలహా. ఎంత కిందికి లాగితే అంత వేగంగా పైకి వస్తుంది. 7.6 దగ్గర ఉంటే ఉండనివ్వండి, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

ఆల్కలినిటీ మరీ 60 కంటే కిందికి పోతే మాత్రం పీహెచ్ నిలకడ తప్పుతుంది. కొంచెం యాసిడ్‌కే దబ్బున పడిపోతుంది. అప్పుడు బేకింగ్ సోడా కలపాలి, పది వేల లీటర్లకు 170 గ్రాములు వేస్తే ఆల్కలినిటీ 10 పీపీఎం పెరుగుతుంది. ట్రైక్లోర్ అనే క్లోరిన్ బిళ్ళలు వాడేవాళ్ళకు ఈ అవసరం ఎక్కువ, ఆ బిళ్ళలే ఆమ్లం.

కొలిచేటప్పుడు నీళ్ళు పైపైన తీయకండి, మోచేతి లోతు నుంచి తీయండి. క్లోరిన్ బాగా ఎక్కువ వేసిన రోజు పీహెచ్ చూడకండి, పీహెచ్ చూడటానికి వేసే ఫినాల్ రెడ్ చుక్కలు ఊదా రంగుకు తిరిగి లేనిపోని అంకె చూపిస్తాయి. యాసిడ్ పోసేటప్పుడు చేతులకు గ్లవ్స్, కళ్ళకు అద్దాలు ఉండాలి. బకెట్‌లో పలచన చేస్తే, ముందు నీళ్ళు, తర్వాత అందులోకి యాసిడ్. యాసిడ్‌లోకి నీళ్ళు పోయకూడదు. యాసిడ్‌నూ క్లోరిన్‌నూ ఒకే బకెట్‌లో ఎన్నడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. రెండింటినీ పక్కపక్కన కూడా దాచవద్దు.

ఎండాకాలంలో పూల్ నీళ్ళు ఆవిరవుతాయి, బైకార్బొనేట్లు అక్కడే ఉండిపోతాయి. తగ్గినంత మేర మళ్ళీ బోరు నీళ్ళే నింపితే, వాటితోపాటు ఇంకొన్ని వస్తాయి. అందుకని ఎక్కువ నీళ్ళు నింపిన వారం, పంపు ఒక పూట తిరిగాక, పీహెచ్‌తోపాటు ఆల్కలినిటీ కూడా కొలవండి. నమస్కారం.