బల్లారట్‌కు ఒక పూట చాలదు

అందరికీ నమస్కారం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చే సీజన్ కదా, వాళ్ళను ఎక్కడికి తిప్పాలో చెప్పమని కమిటీవాళ్ళు నన్ను ఇక్కడ నిలబెట్టారు. గ్రేట్ ఓషన్ రోడ్డు, పెంగ్విన్లు ఎలాగూ అందరూ చూపిస్తారు. నేను బల్లారట్ అనే పాత బంగారు గనుల ఊరి గురించి మాట్లాడతాను. మెల్‌బోర్న్‌కు పడమటి వైపు, 110 కిలోమీటర్ల పైచిలుకు. "వెళ్ళొచ్చాంలే, సావరిన్ హిల్‌లో ఫొటోలు కూడా దిగాం" అని మీలో సగంమంది అనుకుంటున్నారని తెలుసు. నేనూ రెండుసార్లు అలాగే చూసొచ్చాను. మూడోసారి మా నాన్నతో వెళ్ళాకే నాకు ఆ ఊరు కనబడింది.

నాన్న తెనాలిలో నలభై ఏళ్ళు కంసాలి పని చేశారు. సావరిన్ హిల్ అంటే 1850ల నాటి బంగారు గనుల ఊరిని మళ్ళీ కట్టి, 1970లో తెరిచిన మ్యూజియం. గుర్రపు బళ్ళు, గౌన్లు, టోపీలు, మిఠాయి కొట్లు. అవేవీ ఆయనకు పట్టలేదు. బంగారం కరిగించి కడ్డీ పోసి చూపించే చోట మాత్రం ముందు వరసలో కూర్చున్నారు. కొలిమిలోంచి మూస బయటికి తీసి, అచ్చులో వంచుతుంటే జనమంతా ఫోన్లు ఎత్తారు. నాన్న చూపు మాత్రం ఆ మనిషి మణికట్టు మీదే. "చేయి వణకట్లేదమ్మాయ్, పనివాడే" అన్నారు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు నేనెప్పుడూ వినలేదు.

తర్వాత వాగు. పళ్ళెంలో ఇసుక, నీళ్ళు పోసుకుని తిప్పితే బరువైన బంగారం అడుగున నిలుస్తుంది. టూరిస్టులను నిరాశపరచకుండా ఆ వాగులో బంగారపు రజను వాళ్ళే కలుపుతారు, అది రహస్యమేమీ కాదు. నాన్న పాంటు పైకి మడిచి, గొంతుక్కూర్చుని, "ఇది జలగడుగు పనే కదా" అన్నారు. మా చిన్నప్పుడు కంసాలి వీధి కాలవల్లో మట్టి ఎత్తి, కడిగి, రాలిన బంగారం ఏరుకునేవాళ్ళు ఉండేవారు. వాళ్ళే జలగడుగువాళ్ళు. పావుగంటలో మూడు రవ్వలు తేల్చారు. పక్కన ఉన్న పిల్లలందరూ ఆయన చుట్టూ చేరిపోయారు. భాష అక్కర్లేదు, పళ్ళెం ఎలా వంచాలో చేత్తో చూపిస్తే సరిపోయింది.

అక్కడే ఆయనకు డౌటొచ్చింది. "ఎవరు పడితే వాళ్ళు తవ్వుకునేవాళ్ళా?" లేదు, లైసెన్సు కావాలి. అసలు కథ అదే. అక్కడి మూలవాసులైన వదావురంగ్ ప్రజల నేల అది. 1851లో అక్కడ బంగారం దొరికిందని తెలియగానే ప్రపంచమంతా వచ్చి పడింది. 1858లో ఒకే ముద్ద దాదాపు 69 కిలోలు తూగింది, దానికి వెల్‌కమ్ నగ్గెట్ అని పేరు. కానీ తవ్వేవాళ్ళలో చాలామందికి చేతికి వచ్చింది బురదే. అయినా నెలకు 30 షిల్లింగులు కట్టాలి. కాగితం ఎప్పుడూ జేబులో ఉండాలి. పోలీసులు గుంపులుగా దిగి గుంటల్లోంచి మనుషుల్ని పైకి పిలిచి తనిఖీ చేసేవాళ్ళు. చూపించలేకపోతే జరిమానా, లేదంటే జైలు. "దొరక్కపోయినా కట్టాలా?" అని నాన్న రెండుసార్లు అడిగారు. కాసేపాగి, "మరి నీ లైసెన్సు ఎప్పుడొస్తుంది?" అన్నారు. అప్పటికి నా పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, ఇంకా రాలేదు. రోజూ పొద్దున లేవగానే మెయిల్ తెరిచే టెన్షన్ మీలో చాలామందికి తెలుసు. నవ్వాను గానీ, ఆ మాట మాత్రం తగిలింది.

1854 నవంబరులో తవ్వకందారులు లైసెన్సులు కాల్చేశారు. నీలం గుడ్డ మీద తెల్ల శిలువ, అయిదు నక్షత్రాలు ఉన్న జెండా కింద నిలబడి, పీటర్ లేలర్ అనే ఐరిష్ యువకుడి వెనక ప్రమాణం చేశారు. బల్లారట్‌లోనే యురేకా అనే చోట కర్రలతో దడి కట్టుకున్నారు. డిసెంబరు 3, ఆదివారం, ఇంకా తెల్లారకముందే సైన్యం వచ్చింది. అరగంట కూడా పట్టలేదు. కనీసం 22 మంది తవ్వకందారులు పోయారు. లేలర్ ఒక చేయి పోగొట్టుకున్నాడు. రాజద్రోహం కింద పదమూడు మందిని కోర్టుకెక్కిస్తే జ్యూరీలు ఒక్కరినీ దోషి అనలేదు. మరుసటి ఏడు ఆ నెలవారీ లైసెన్సు పోయి, ఏడాదికి ఒక పౌండు కడితే తవ్వే హక్కుతో పాటు ఓటు కూడా వచ్చింది. లేలర్ శాసనసభకు వెళ్ళాడు, స్పీకరు దాకా ఎదిగాడు.

ఆ జెండాను బల్లారట్‌లోని యురేకా సెంటర్ అనే మ్యూజియంలో చూడొచ్చు. మసక వెలుతురు గది, అద్దం వెనక గుడ్డ. అంచుల్లో పెద్ద పెద్ద ముక్కలు లేవు. గుర్తుగా ఉంటుందని ఎవరికి వాళ్ళు కత్తిరించుకుపోయారు. అంత చిరిగినా నక్షత్రాల కుట్టు ఇంకా కనిపిస్తుంది.

కథను ఇక్కడితో ఆపేస్తే బాగుంటుంది. చాలామంది గైడ్లు ఆపేస్తారు కూడా. కానీ అదే 1855లో, బల్లారట్ ఉన్న విక్టోరియాకు ఓడలో వచ్చే ప్రతి చైనావాడి మీద 10 పౌండ్ల పన్ను వేశారు. అది తప్పించుకోవడానికి వేలమంది దక్షిణ ఆస్ట్రేలియాలోని రోబ్ రేవులో దిగి, వందల కిలోమీటర్లు నడిచి గనులకు చేరారు. లేలర్ సంగతీ వినండి. 1873లో బల్లారట్ దగ్గరి క్లూన్స్ ఊళ్ళో ఒక గనికి డైరెక్టర్‌గా ఉన్నప్పుడు కూలీలు సమ్మె చేస్తే, సమ్మె విరచడానికి చైనా కూలీలను రప్పించబోయిన కంపెనీ ఆయనదే.

సాయంత్రం బొటానికల్ గార్డెన్స్‌కు వెళ్ళండి, వెండూరీ చెరువు పక్కనే. 1956 ఒలింపిక్స్‌లో పడవ పందేలు జరిగింది ఆ చెరువులోనే. 2006లో కరువుకు ఎండిపోయి, తర్వాత మళ్ళీ నిండింది. తోటలో ప్రధానమంత్రుల కంచు తలలు వరసగా ఉంటాయి. ఆల్ఫ్రెడ్ డీకిన్ దగ్గర ఆగండి. పన్నెండేళ్ళ పైగా బల్లారట్ ఎంపీ, మూడుసార్లు ప్రధాని. అంతకుముందు 1890లో మన దేశం వెళ్ళి, కాలవల సేద్యం చూసి, దాని మీద ఒక పుస్తకమే రాశాడు. ఆ మనిషే 1901లో, మనలాంటి రంగువాళ్ళను రానివ్వని వలస చట్టాన్ని పార్లమెంటులో గట్టిగా సమర్థించాడు. నాన్నకు ఇదంతా చెబితే, "మన నీళ్ళు నచ్చాయి, మనం నచ్చలేదన్నమాట" అని, ఆ కంచు ముక్కు మీద వేలితో తట్టి చూసి, "పోత మాత్రం బాగుంది" అన్నారు.

ఒక్క జాగ్రత్త. ఎండాకాలమైనా స్వెట్టర్ తీసుకెళ్ళండి, మెల్‌బోర్న్ కంటే అక్కడ చలెక్కువ. కుదిరితే కారు వద్దు, మెల్‌బోర్న్ సదరన్ క్రాస్ స్టేషన్ నుంచి రైలెక్కండి. గంటన్నర ప్రయాణం. పెద్దవాళ్ళు కిటికీ పక్కన కునుకు తీస్తారు, దిగగానే లిడియార్డ్ స్ట్రీట్ పాత భవనాలు ఎదురొస్తాయి. ఒక రాత్రి ఉండండి.

ఆ మూడు రవ్వలున్న చిన్న సీసా ఇప్పుడు తెనాలిలో, నాన్న గురిగింజల డబ్బాలో ఉంది. ఇంటికి ఎవరొచ్చినా తీసి చూపిస్తున్నారట, "ఆస్ట్రేలియాలో నేనే కడిగాను" అని. రైలు టైములు కావాలంటే టీ దగ్గర అడగండి, నా ఫోన్లో ఉన్నాయి.