'సర్‌ప్రైజ్డ్ బై జాయ్' రివ్యూ: నమ్మకూడదనుకున్న మనిషి చెప్పిన సాక్ష్యం

అందరికీ నమస్కారమండి. చర్చికి వెళ్లే ఇంట్లో పెరిగినవాళ్లకు సాక్ష్యం అంటే ఏంటో చెప్పక్కర్లేదు. జబ్బు చేసింది, డాక్టర్లు చేతులెత్తేశారు, సంఘమంతా ప్రార్థన చేసింది, ప్రభువు స్వస్థపరిచాడు. నేను ఇవి వింటూనే పెరిగాను, విని కళ్లనీళ్లు పెట్టుకున్న రోజులూ ఉన్నాయి. ఈ రోజు పుస్తకం కూడా సాక్ష్యమే. కాకపోతే ఇందులో పిల్లవాడు అమ్మ కోసం ప్రార్థన చేస్తాడు, అమ్మ చనిపోతుంది.

రాసింది సి.ఎస్. లూయిస్, 'నార్నియా' కథల రచయిత. పుస్తకం 1955లో వచ్చింది. ఆయన బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు. 1908లో తల్లి క్యాన్సర్‌తో పోయేనాటికి ఆయనకు 9 ఏళ్లు. టీనేజ్‌లోనే దేవుడు లేడని తేల్చేసుకున్నాడు. అమ్మ పోయిందన్న కోపంతో నాస్తికుడయ్యాడని మనం అనుకుంటాం కదా, ఆయన ఒప్పుకోడు. అప్పుడు నేను దేవుణ్ణి ఒక మంత్రగాడిలా అనుకున్నాను, పని చేసిపెట్టి వెళ్లిపోతాడనుకున్నాను అంటాడు. ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

టైటిల్‌లో ఉన్న 'జాయ్' అంటే సంతోషం కాదు. మన తెలుగులో దానికి సరిగ్గా సరిపోయే మాట ఉంది: బెంగ. చిన్నప్పుడు వాళ్ల అన్న ఒక బిస్కెట్ డబ్బా మూత మీద నాచు పరిచి, పుల్లలు, పూలు గుచ్చి బుల్లి తోట చేసి తెస్తాడు. కొన్నేళ్ల తర్వాత ఒక రోజు పూలు పూసిన పొద పక్కన నిలబడితే ఆ తోట గుర్తొచ్చి గుండె పిండేసినట్టవుతుంది. దేని మీద బెంగో తెలియదు, క్షణంలో పోతుంది. మళ్లీ కావాలనిపిస్తుంది. పుస్తకమంతా ఈ బెంగ వెనకాలే నడుస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది కిర్క్‌పాట్రిక్ అనే ట్యూషన్ మాస్టారు. 1914లో లూయిస్ ఇంగ్లండ్‌లోని సర్రేలో ఉన్న ఆయన ఇంట్లో ఉండి చదువుకోవడానికి వెళ్తాడు. స్టేషన్‌లో దిగి, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, ఈ ప్రాంతం నేను అనుకున్నంత పచ్చిక బయళ్లలా లేదు, కాస్త అడవిలా ఉంది అన్నట్టు ఏదో అంటాడు. మాస్టారు అక్కడికక్కడే ఆపి, అడవిలా అంటే నీ అర్థం ఏంటి, వేరేలా ఉంటుందని దేన్ని బట్టి అనుకున్నావు అని నిలదీస్తాడు. కుర్రాడి దగ్గర జవాబు లేదు. ఈ మాస్టారు కరడుగట్టిన నాస్తికుడు. కానీ ఆధారం లేకుండా మాట్లాడొద్దని ఆయన నేర్పిన పద్ధతే తర్వాత లూయిస్‌ను నాస్తికత్వంలో కూడా ప్రశాంతంగా కూర్చోనివ్వలేదు. నా లెక్కలో పుస్తకానికి ప్రాణం ఇదే.

లూయిస్ దాచుకోకుండా ఇంకో మాట చెబుతాడు. దేవుడు లేకపోతే బావుండునని ఆయనకు కోరిక. నా జోలికి ఎవరూ రాకూడదు, అంతే. ఆక్స్‌ఫర్డ్‌లో డబుల్ డెకర్ బస్సు పైన కూర్చుని గుట్ట ఎక్కుతుండగా, తను ఏదో బిగుతు కవచం తొడుక్కుని ఉన్నట్టు, దాన్ని విప్పనూవచ్చు, ఉంచుకోనూవచ్చు అన్నట్టు అనిపిస్తుంది. పక్కన దేవదూతా లేడు, వెలుగూ లేదు. మామూలు బస్సు. చివరికి 1929లో, మాడ్లిన్ కాలేజీలో తన గదిలో, మోకరించి దేవుడు దేవుడేనని ఒప్పుకుంటాడు. ఇంగ్లండ్ మొత్తంలో ఆ రాత్రి తనంత దిగాలుగా ఇష్టంలేకుండా నమ్మినవాడు ఉండడేమో అంటాడు. నన్ను నమ్మించింది ఆ దిగులే.

అప్పటికి క్రీస్తు దగ్గరకు ఇంకా రాలేదు. 1931 సెప్టెంబరులో అన్న మోటార్ సైకిల్ సైడ్‌కార్‌లో కూర్చుని విప్స్‌నేడ్ జూకి వెళ్తాడు. బయల్దేరినప్పుడు యేసు దేవుని కుమారుడని నమ్మలేదు, దిగేటప్పటికి నమ్మాడు. దారిలో దాని గురించి పెద్దగా ఆలోచించలేదట.

నా కంప్లయింట్ ఇక్కడే. ఈ జూ ప్రయాణానికి కొన్ని రోజుల ముందు స్నేహితులు టోల్కీన్ ('లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రచయిత), హ్యూగో డైసన్‌లతో కాలేజీ తోటలో అర్ధరాత్రి దాటేదాకా నడుస్తూ మాట్లాడాడు. ఆ మాటలే మలుపు తిప్పాయని ఇంకో స్నేహితుడికి రాసిన ఉత్తరాల్లో ఉంది, ఈ పుస్తకంలో ఆ రాత్రి కనిపించదు! స్కూలు గొడవలకు పేజీలకు పేజీలు ఇచ్చి, అసలు ఘట్టాన్ని ఆఖరి అధ్యాయంలో చకచకా ముగించేశాడు. ఏ సందేహానికి ఏ జవాబు దొరికిందో అడుగడుగునా తెలుసుకోవాలనుకునేవాళ్లకు వెలితిగా ఉంటుంది. నాకూ ఉంది.

మనకు దగ్గరి విషయం ఒకటి. ఈ పుస్తకం అంకితం పొందిన బీడ్ గ్రిఫిత్స్ లూయిస్ శిష్యుడు. ఆయన సన్యాసిగా ఇండియాకు వచ్చి, తమిళనాడులో కావేరి ఒడ్డున శాంతివనం ఆశ్రమంలో ఏళ్ల తరబడి ఉన్నాడు.

మొత్తం 15 అధ్యాయాలు. స్కూలు భాగం దగ్గర విసుగొస్తే నేరుగా 9వ అధ్యాయానికి వెళ్లండి, మాస్టారు అక్కడ ఉన్నాడు. నమ్మేవాళ్లైనా, నమ్మనివాళ్లైనా, ఆ డబ్బా మూత మీది తోటలాంటిది మీ చిన్నతనంలో ఏముందో నాకు రాయండి.