లాండ్రీ రూమ్, ఐదు ప్రశ్నలు, నాన్న క్యాలెండర్

హాయ్ అండీ! ఇవాళ టూరూ లేదు, షాపింగూ లేదు. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ లాండ్రీ రూమ్‌లో కూర్చున్నాను. డ్రయ్యర్ ఇంకా 40 నిమిషాలు చూపిస్తోంది.

ఈ కాగితం చూశారా? మన జీవితంతో మనకి ఎంత తృప్తి ఉందో చూసుకునే ప్రశ్నపత్రం. ఎడ్ డీనర్ అనే సైకాలజిస్టు, ఆయన తోటివాళ్లు 1985లో ప్రచురించారు. ఐదే వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా మార్కులు. మొత్తం 35. 20 వస్తే అటూ కాదు, ఇటూ కాదు. ఫిబ్రవరిలో నాకు 17 వచ్చింది. ఇవాళ 24!

జీతం పెరిగిందనుకునేరు. లేదండీ. పైగా ఇక్కడ ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే హెచ్‌1బీ వీసాకి ఏటా మార్చిలో తీసే లాటరీలో ఈసారి నా పేరు రాలేదు.

ఆ సంగతి ఇంట్లో చెప్పకుండా వారం రోజులు దాచాను. నా చదువు కోసం ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన లోన్ కదా, ఏ ముఖంతో చెప్పను? ఆదివారం ఇక్కడ పొద్దున తొమ్మిదంటే ఖమ్మంలో రాత్రి ఏడున్నర. ఫోన్ ఎత్తగానే అమ్మ, "ఏమైందే, గొంతు అట్లుంది?" అంది. అంతే, ఏడుపు ఆగలేదు.

నాన్న ఫోన్ తీసుకున్నారు. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ధైర్యం చెబుతారనుకున్నా. "నీ స్టెమ్ ఓపీటీ వచ్చే జూన్ దాకా ఉంది కదమ్మా, క్యాలెండర్ మీద రాసుకున్నా. అంటే ఇంకో మార్చి ఉంది" అన్నారు. కాసేపాగి, "అప్పుడూ రాకపోతే వచ్చేయ్. నీ గదిలో బియ్యం బస్తాలు తీయించేస్తా." స్టెమ్ ఓపీటీ అంటే సైన్సు, ఇంజినీరింగ్ లాంటివి చదివినవాళ్లు చదువయ్యాక కొన్నాళ్లు ఇక్కడ పనిచేసుకోవడానికి ఇచ్చే అనుమతి. ఆ మాట నాన్న ఎప్పుడు నేర్చుకున్నారో నాకు తెలీదు!

మా రూమ్మేట్‌కి ఇంటి నుంచి రోజూ ఫోన్ వస్తుంది, నాకు వారానికి ఒకటే. కానీ తను వీడియో కాల్ ముందు తల దువ్వుకుని, గొంతు సవరించుకుని కూర్చుంటుంది. అటునుంచి ఫలానా వాళ్లబ్బాయి గ్రీన్ కార్డు కబుర్లు. తనకొచ్చిన మార్కులు నాకు చూపించలేదు. నేనూ అడగలేదు.

హార్వర్డ్‌లో 1938 నుంచి నడుస్తున్న పరిశోధన కూడా దగ్గరివాళ్లతో బంధం బాగుంటే సంతోషం, ఆరోగ్యం బాగుంటాయనే చెబుతోంది. మొదట్లో అందులో అందరూ మగవాళ్లేనట, అది వేరే సంగతి! నా మటుకు నాకు ఎన్నిసార్లు ఫోన్ చేశారన్నది లెక్కలోకి రాలేదు. ఓడిపోయానని చెప్పినా ఫోన్ పెట్టేయని మనిషి అటువైపు ఉన్నాడా, అదొక్కటే.

ఐదో వాక్యం దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. మళ్లీ మొదటినుంచి బతికే అవకాశమొస్తే దాదాపు ఏమీ మార్చుకోనని ఉంటుంది. మూడే వేశాను. ఆ లోన్ కాగితాల మీద నాన్న సంతకం ఉండకుండా చూసుకునేదాన్ని.

ఆఁ, డ్రయ్యర్ ఆగింది. దుప్పట్లు మడతపెట్టాలి, కాస్త ఈ కెమెరా పక్కన పెడతానుండండి.