ఆగస్టులో మామిడి కొత్త పండుగా? – స్టూడియో చర్చ పూర్తి పాఠం

(మారేడుమిల్లి అడవిలో క్యాంపింగ్‌కు వెళ్లిన ఒక బృందం ఆగస్టు వానల్లో అక్కడి కొండరెడ్లు అనే గిరిజనులతో ‘మామిడి కొత్త’ పండుగ చేయించి వీడియో తీసింది. దానిపై జరిగిన చర్చ ఇది. అందరూ కలిసి అరిచిన చోట వినబడినంతే రాశాం.)

యాంకర్: రెయిన్ ఫారెస్ట్‌లో మూడు రాత్రులు, గిరిజన సంప్రదాయాల శిక్షణ, చివరికి రచ్చ! నాదొకటే ప్రశ్న. చెక్‌పోస్టు దగ్గరే ఫోన్లు తీసేసుకుంటే ఈ గొడవే ఉండదు కదా? టీచర్ గారూ, మీరు కొండరెడ్లే కాబట్టి మీరే మొదలుపెట్టండి.

ఉపాధ్యాయురాలు: గొడవ ఫోన్ల గురించి కాదండీ. మామిడి కొత్త ఎండాకాలంలో వచ్చే పండుగ. దేవతకు పెట్టేదాకా మేం కొత్త కాయ ముట్టం. వీళ్లు ఆగస్టులో కాయలు ఎక్కడ కొనుక్కొచ్చారో గానీ...

టూర్ నిర్వాహకుడు: నన్ను చెప్పనివ్వండి! మేం నేర్చుకోవడానికే వెళ్లాం. ఊళ్లో వాళ్లకు ఉపాధి వచ్చింది. ఉపాధి సార్, ఉపాధి!

విశ్రాంత అటవీ అధికారి: ముందు ఆ రెయిన్ ఫారెస్ట్ అనడం మానండి. అది అర్ధ సతతహరిత అడవి, అంటే కొన్ని చెట్లు ఏడాదంతా పచ్చగా ఉంటాయి, కొన్ని ఆకు రాలుస్తాయి. వర్షారణ్యం చూడాలంటే అగుంబే వెళ్లాలి, సైలెంట్ వ్యాలీ వెళ్లాలి.

నిర్వాహకుడు: పోస్టర్ మీద అర్ధ సతతహరితం అని వేస్తే ఎవరొస్తారు సార్? (నవ్వులు)

యాంకర్: అది సరే, ఫోన్లు...

నిర్వాహకుడు: ఒక్క నిమిషం. ధింసా ఆడించాం, కొమ్ముల నృత్యం పెట్టించాం, మామిడి టెంక అంబలి తాగించాం. పిల్లలు లొట్టలేసుకుంటూ తాగారు! ఇది సంస్కృతిని కాపాడటం కాదా?

ఉపాధ్యాయురాలు: ధింసా అరకు, పాడేరు వైపుది. కొమ్ముల నృత్యం చింతూరు వైపు కోయలది. మా ఊళ్లో మాకే తెలియని ఆట మాతో ఆడించారు. ఇక టెంక అంబలంటారా, వానాకాలం ఇంట్లో గింజ లేనప్పుడు మా అమ్మ కాచిపోసేది. టెంకలు నానబెట్టి, వగరు పోయేదాకా కడిగి...

నిర్వాహకుడు: అదే మేడమ్! ఆ అనుభవమే మేం ఇస్తున్నది!

(ఇక్కడ కాసేపు ఎవరి మాటా అర్థం కాలేదు.)

అధికారి: వెదురు బొంగులో నూనె లేకుండా కాల్చాల్సిన బొంగు చికెన్‌లో నూనె పోశారని కూడా విన్నాను.

నిర్వాహకుడు: చుక్క కూడా పోయలేదు! మీరొచ్చి తిని చూడండి.

అధికారి: నేను ముప్పై ఏళ్లు తిన్నానయ్యా...

(బొంగులో నూనె గురించి దాదాపు నాలుగు నిమిషాలు.)

ఉపాధ్యాయురాలు: నేనొకటి అడగొచ్చా? ఆ టెంట్లు వేసిన భూమి ఎవరిది? 1/70 చట్టం ఉంది. 1970 నుంచీ ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడానికి లేదు.

అధికారి: లీజుకు కూడా కుదరదు.

నిర్వాహకుడు: అవన్నీ లోకల్ వాళ్లు చూసుకుంటారండీ. అసలు సంగతి ఉపాధి. వంటకు మనుషుల్ని పెట్టాం, మోతకు పెట్టాం, డోలు కొట్టడానికి పెట్టాం...

ఉపాధ్యాయురాలు: లోకల్ వాళ్లంటే ఎవరు? పట్టా ఎవరి పేరు మీద ఉంది?

నిర్వాహకుడు: మీలాంటి చదువుకున్నవాళ్లే అడ్డం పడితే అభివృద్ధి ఎలా అవుతుంది మేడమ్? రోడ్డు వద్దా? కరెంటు వద్దా? మేం వెళ్లకపోతే ఆ ఊరి పేరు ఎవరికి తెలుసు?

యాంకర్: పాయింటే! చూశారా, వీడియో బయటికి రాబట్టే ఇదంతా. అందుకే ఫోన్లు అంటున్నాను.

ఉపాధ్యాయురాలు: ఊరి పేరు మాకు తెలుసండీ. భూమి సంగతి...

నిర్వాహకుడు: మళ్లీ భూమి! ఉపాధి గురించి మాట్లాడుతుంటే!

యాంకర్: టీచర్ గారికి చివర్లో రెండు నిమిషాలు ఇస్తానన్నాను. కానీ టైమ్ అయిపోయింది. ఒక్క మాటలో చెప్పండి, ఫోన్లు తీసుకోవాలా, వద్దా?

ఉపాధ్యాయురాలు: ఆ పట్టా ఎవరి...

నిర్వాహకుడు: దసరా సెలవులకు ఇంకో బ్యాచ్ ఉందండీ. మేడమ్ వస్తానంటే గెస్ట్ లెక్చర్ పెట్టిస్తాం, భోజనం కూడా మాదే!

(ఉపాధ్యాయురాలు ఏదో అంటున్నారు, మైక్ ఆగిపోయింది. ప్రకటనలు.)