బోర్డు వైపు తిరిగితే పాఠం గోడకే

[దృశ్యం: కావలి దగ్గర ఒక ఉన్నత పాఠశాల, ఎనిమిదో తరగతి. మాస్టారు బోర్డు మీద రాస్తూ పాఠం చెబుతున్నారు. ఉన్నట్టుండి శబ్దం ఆగిపోతుంది.]

వ్యాఖ్యాత: మీ ఫోను బాగానే ఉంది. శబ్దం మేమే ఆపాం.

మూడో వరుసలోని అమ్మాయికి వినికిడి యంత్రం ఉంది. అది పెట్టుకుంటే ఇక లోటేమిటి అనుకుంటాం. కానీ మాస్టారి గొంతుతో పాటు ఫ్యాను రొదనూ, బెంచీల చప్పుడునూ అది పెంచేస్తుంది. ఆ గోలలో మాట తేల్చుకోవడానికి ఆమె ఆయన పెదవులు చూస్తుంది. ఆయన బోర్డు వైపు తిరిగారా, పాఠం గోడకే.

[మాస్టారు కిటికీ ముందు నిలబడతారు.]

ఇదీ పొరపాటే. వెలుతురు వెనక నుంచి వస్తే ముఖం నీడలో పడుతుంది. రెండడుగులు పక్కకు జరగాలి. రాయడం ముగించి, ఇటు తిరిగి మాట్లాడాలి. పైసా ఖర్చు లేదు.

చూపు తక్కువైన పిల్లలకు ముందు బెంచీ ఇచ్చి ఊరుకోకండి, రాసేది పైకి చదవండి.

[దృశ్యం: ఒంగోలులో ఒక ఇల్లు. అబ్బాయి నోటితో జవాబు గడగడా చెబుతాడు. కాగితం మీద అక్షరాలు తారుమారు.]

వ్యాఖ్యాత: ఇతన్ని బద్ధకస్తుడు అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఇది అభ్యసన వైకల్యం కావచ్చు, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం వంటివి కష్టమవడం. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఇదీ ఒకటి. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు వంటి వెసులుబాట్లను ఆ చట్టంలోని 17వ సెక్షనే పేర్కొంది.

వీటికి వైకల్య ధ్రువపత్రం కావాలి. "ముద్ర పడితే రేపు సంబంధాలు ఎలా?" అని తల్లులు వెనకాడతారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. కానీ పదో తరగతి పరీక్షలు ముంచుకొచ్చాక పరుగెత్తితే పని కాదు. ఎనిమిదిలోనే, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో అడగండి. అక్కడి సహిత విద్య టీచర్లు, అంటే ఈ పిల్లలు మామూలు బడిలో అందరితో కలిసి చదివేలా సాయపడేవారు, మండలానికి ఒకరిద్దరే, బడులన్నీ తిరగాలి. రోజూ పిల్లల ముందు ఉండేది మాత్రం తరగతి మాస్టారే.

[మళ్లీ కావలి తరగతి. శబ్దం తిరిగి వస్తుంది.]

మాస్టారు: అర్థమైందా?

[అందరూ తలూపుతారు. ఆ అమ్మాయి కూడా.]

వ్యాఖ్యాత: ఆ తలూపును నమ్మకండి.

మాస్టారు (ఆమె వైపు తిరిగి): ఎక్కడిదాకా వచ్చామో నువ్వు చెప్పమ్మా.