నదిలోయ వైన్‌కి మ్యూజియం కట్టారు, మా తాత మోకు మాత్రం బట్టలారేసే తాడైంది

అందరికీ నమస్తే. ఈరోజు వీడియో పోర్చుగల్‌లోని ఒక వైన్ మ్యూజియం గురించి. గ్లాసు తిప్పుతూ, వాసన చూస్తూ మాట్లాడే రకం వీడియో కాదులెండి. అంత జ్ఞానం నాకు లేదు. మద్యం హానికరమనే హెచ్చరిక లైను ఎలాగూ కింద మూలన పడుతూనే ఉంటుంది.

మా పిన్ని కొడుకు పోర్టోలో చదువుకుంటున్నాడు. పోయిన నెల రైలెక్కి, రెండు గంటల దూరంలో ఉన్న రెగ్వా అనే చిన్న ఊరికి వెళ్లాడు. అక్కడి డౌరో మ్యూజియం చూసి ఫొటోలు పంపాడు. అప్పుడు మేం మలక్‌పేటలో ఇంట్లో అన్నం తింటున్నాం. ఫోన్ అమ్మ చేతికిచ్చా. సీసాలు, పీపాలు అన్నీ వేలితో తోసేసింది. ఒక పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటో దగ్గర మాత్రం ఆగిపోయింది. కొండ మెట్ల మీద మగాళ్లు ఒకరి వెనక ఒకరు దిగుతున్నారు. ఒక్కొక్కరి వీపు మీద మనిషి నడుమంత ఎత్తు బుట్ట. బరువు ఆగడానికి నుదుటి మీదుగా ఒక పట్టీ.

అమ్మ అంది, "గిది మా నాయిన మోకు లెక్కనే ఉంది గద బిడ్డా. మనోళ్లు నడుముకేస్తరు, వీళ్లు నెత్తికేసిండ్రు."

మోకు అంటే తాటిచెట్టు ఎక్కేటప్పుడు వేసుకునే తాడు. ఆమె గీత కార్మికుడి బిడ్డ. నల్గొండ వైపు ఊరు. ఆ ఫొటోలో నాకు వైన్ కనబడింది, ఆమెకి తాడు కనబడింది.

ముందు ఆ లోయ సంగతి చెప్తా. డౌరో నది స్పెయిన్‌లో పుట్టి, దాదాపు 900 కిలోమీటర్లు పారి పోర్టో దగ్గర అట్లాంటిక్‌లో కలుస్తుంది. మధ్యలో రెండు వైపులా నిటారు కొండలు. అక్కడ మట్టి కన్నా రాయే ఎక్కువ, అది కూడా పలకల్లా పొరలు పొరలుగా ఊడొచ్చే రాయి. ఆ రాయిని గడ్డపారలతో పగలగొట్టి, అదే రాయితో సున్నం గిన్నం లేకుండా గోడలు పేర్చి, మెట్లు మెట్లుగా చేసి తీగలు నాటారు. ఆ పనికి స్పెయిన్‌లోని గలీసియా నుంచి కూలీలు వచ్చేవాళ్లు. మన పాలమూరు వలస గుర్తొచ్చింది నాకు.

ఇక కల్తీ. కల్తీ అనగానే మనకి కల్లులో డైజీపామ్ అనే మత్తుమందు కలపడం గుర్తొస్తుంది కదా. అక్కడ 1750ల్లో ఎల్డర్‌బెర్రీ అనే నల్లటి పండు రసం కలిపేవాళ్లు, రంగు చిక్కగా రావడానికి. కొనేది ఎక్కువగా ఇంగ్లిష్ వ్యాపారులు. సరుకు మీద నమ్మకం పోయింది, ధర పడిపోయింది. అప్పుడు పోర్చుగల్‌లో చక్రం తిప్పుతున్న మంత్రి ఒకాయన, తర్వాత పొంబాల్ మార్క్విస్‌గా పేరుపడ్డాడు. లిస్బన్ భూకంపం వచ్చి ఏడాది కూడా కాలేదు, ఆ టెన్షన్ మధ్యలోనే 1756లో వైన్ వ్యాపారానికి ఒక కంపెనీ పెట్టించాడు. ఏ కొండ నుంచి ఏ కొండ దాకా పండితే ఆ పేరుతో అమ్మొచ్చో హద్దులు గీయించి, గ్రానైట్ రాళ్లు పాతించాడు. ఎల్డర్‌బెర్రీ చెట్లు పీకేయమని ఆర్డర్ వేశాడు! ఇప్పుడు మనం పోచంపల్లి ఇక్కత్‌కి జీఐ ట్యాగ్ అంటున్నాం చూడండి, ఆ ఆలోచనకి బాగా పాత రూపం అది. రెగ్వాలో ఆ కంపెనీకి ఉన్న పాత భవనమే ఇప్పుడు మ్యూజియం. 1997లో చట్టం చేశారు, 2008లో తలుపులు తెరిచారు. మధ్యలో 2001లో లోయకి యునెస్కో గుర్తింపు వచ్చింది.

నాకు బాగా నచ్చింది తొక్కుడు. లగార్ అంటారు, మోకాలు దాటే లోతున్న రాతి తొట్టి. పగలంతా ఆడవాళ్లు కోసిన గుత్తులు అందులో పోస్తారు. రాత్రికి మగాళ్లు పొట్టి లాగులతో దిగి, భుజాల మీద చేతులేసుకుని వరసగా నిలబడతారు. ఒకడు లెక్క చెప్తుంటే, ఎడమ, కుడి, ఎడమ, కుడి. పరుగు లేదు, ఆట లేదు, రెండు గంటలు అదే అడుగు. పగలంతా అంత బరువు మోసిన కాళ్లే అవి. ఆ తర్వాత 'లిబర్‌దాద్' అని కేక వేస్తారు, అంటే స్వేచ్ఛ. అప్పుడు అకార్డియన్ మోగుతుంది, తొట్టిలోనే చిందులేస్తారు. కాళ్లతోనే ఎందుకంటే, పాదం మెత్తన. తొక్క నలుగుతుంది, రంగు దిగుతుంది, గింజ మాత్రం పగలదు. గింజ పగిలితే చేదు.

రసం సగం పులిసేసరికి అందులో 77 శాతం ఘాటున్న ద్రాక్ష స్పిరిట్ పోస్తారు. ఆ దెబ్బకి పులియడం ఆగిపోతుంది, తీపి అలాగే మిగిలిపోతుంది. పోర్ట్ వైన్ అంటే అదే. పొద్దుటి తియ్యటి కల్లు మధ్యాహ్నానికి పుల్లబడటం చూసినోళ్లకి ఈ కిటుకు వెంటనే అర్థమవుతుంది. మనం ఆపలేదు, వాళ్లు ఆపారు. అంతే తేడా.

తర్వాత పడవ. రబేలో అంటారు, అడుగు చదునుగా ఉంటుంది, వెనక చెట్టంత పొడవు తెడ్డు. ఒక్కో పీపా సుమారు 550 లీటర్లు. వాటిని వేసుకుని బండరాళ్ల మధ్య సుడుల్లోంచి పోర్టో దాకా వెళ్లాలి. 1861లో వలైరా అనే సుడి దగ్గర పడవ బోల్తాపడి, ఆ నది మ్యాపు గీసిన జోసెఫ్ జేమ్స్ ఫారెస్టర్ మునిగి చనిపోయాడు. అదే పడవలో ఉన్న ద్రాక్ష తోటల యజమానురాలు డోనా అంటోనియా ఫెరేరా బతికింది. ఆమె గేరా లంగా గాలికి బుడగలా ఉబ్బి తేల్చిందని, ఆయన నడుముకున్న బంగారు నాణేల బెల్టు ముంచిందని అక్కడ కథలుగా చెప్పుకుంటారు. కథే కావచ్చు, కానీ ఎంత బాగుందో!

మన మూసీ వరద 1908. అఫ్జల్‌గంజ్ చింతచెట్టు ఎక్కి బతికినవాళ్ల కథ మనకుంది. సరిగ్గా మరుసటి ఏడాది, 1909 డిసెంబర్‌లో డౌరోకి అంతటి వరద. మూసీకి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి, అక్కడ 1970ల నుంచి వరస డ్యాములు వచ్చి నది చెరువులా నిలబడింది. రబేలోలు ఇప్పుడు టూరిస్టుల ఫొటోలకి. సరుకు పని అంతకుముందే రైలు, లారీ లాగేసుకున్నాయి.

ఇక మన ద్రాక్ష. మా నాన్న తరానికి అనాబ్-ఎ-షాహీ తెలుసు. పొడవాటి పండు, లోపల గింజలుంటాయి, పూర్తిగా పండితే లేత తేనె రంగు. మేడ్చల్, కొంపల్లి, శంషాబాద్ వైపు పందిళ్ల మీద తోటలు ఉండేవి. ఆ రకానికి బూజు తెగులు పట్టేది, గింజలేని థాంప్సన్ వచ్చాక అడిగేవాళ్లు తగ్గారు, ఆ తర్వాత ఎకరం రేటు చూసి ఎవరూ ఆగలేదు. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం మాత్రం ఉంది. మిగతా చోట్ల గేటెడ్ కమ్యూనిటీ బోర్డు మీద పేరుంటుంది, వైన్‌యార్డ్ అని. లోపల ఒక్క తీగ ఉండదు.

కల్లు సంగతి ఇంకా వింత. నెక్లెస్ రోడ్డు మీద 2023లో నీరా కేఫ్ తెరిచారు, బాగుంది, నేనూ వెళ్లాను. కానీ తాటిచెట్టెక్కిన మనిషి సామాను ఎక్కడుంది? రెగ్వాలో వాళ్లు దాచింది ముఖ్యంగా సీసాలు కాదు. బుట్ట, కత్తెర, తెడ్డు, సీసా మీద అంటించే కాగితం, ఇలాంటివి. తాత పోయాక ఆయన మోకు మా ఊళ్లో దొడ్లో రెండు వేపచెట్ల మధ్య కట్టారు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే మా తడి చొక్కాలు దాని మీదే ఆరేవి. అరిగి అరిగి నూనె పట్టినట్టు నున్నగా ఉండేది, ఒక పక్క మాత్రం. అది చెట్టుకి రాసుకున్న వైపు అని అమ్మ మొన్న చెప్తే తెలిసింది. ఇప్పుడు ఆ తాడూ లేదు.

"పేర్లన్నా రాసుకో" అంది అమ్మ. రాసుకున్నా. మోకు, నడుముకి ముస్తాదు, కాళ్లకి గుజి, కల్లు పట్టడానికి లొట్టి, గీసే కత్తి. కత్తికి నూరుడు కర్ర ఒకటి ఉండాలట, దాని పేరు నోట్లో ఆడుతోంది గానీ రావట్లేదు. మా మేనమామకి ఫోన్ చేశాం. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, విషయం మొత్తం విని, కాసేపు ఆగి అన్నాడు.

"ఇప్పుడెందుకు అల్లుడా, నువ్వు ఎక్కుతవా ఏంది?"