కార్లు రాని కొండదారుల్లో సైకిలు ప్రయాణం

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరులో ఆదివారం తెల్లవారకముందే లేచి, సైకిళ్ళు తీసి, దేవనహళ్ళి మీదుగా నంది కొండకి వెళ్ళే మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. ఎక్కడం వాళ్ళకి అలవాటే. వాళ్ళ ప్రాణం తీసేది మలుపు చాటునుంచి ఒక్కసారిగా మీదికొచ్చే కార్లు. అందుకే ఇవాళ కార్లు తిరగని కొండదారుల గురించి చెప్పుకుందాం. ఆల్ప్స్ పర్వతాల్లో, ఆస్ట్రియా, ఇటలీ దేశాల మధ్య ఇలాంటివి వందల కిలోమీటర్ల మేర ఉన్నాయి. ఆల్ప్స్ అనగానే ఎత్తు తలుచుకుని బెదిరిపోనక్కర్లేదు. నంది కొండ పైభాగం సముద్రమట్టానికి 1,478 మీటర్లు. ఆస్ట్రియా నుంచి ఇటలీలోకి దిగే రేషెన్ కనుమ 1,504 మీటర్లు. తేడా పాతిక మీటర్లే.

ఈ దారులు ఎక్కువగా రెండు చోట్ల దొరుకుతాయి. ఒకటి ఏటి గట్టు, రెండోది రైళ్ళు ఆగిపోయిన పాత రైలుమార్గం. రైలు విడిచిపెట్టిన దారికి మించింది సైకిలుకి లేదు. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి పట్టు తక్కువ. అందుకని ప్రధాన రైలుమార్గాలని కొండల్లో కూడా సాధారణంగా నూరు మీటర్లకి రెండు, రెండున్నర మీటర్లకి మించి ఎక్కకుండా వేశారు. విశాఖ నుంచి అరకు వెళ్ళే రైలు అన్ని సొరంగాల్లో దూరి, అంత చుట్టు తిరిగి పైకెక్కేది ఇందుకే. నీలగిరి రైలు కల్లార్ నుంచి కూనూర్ దాకా 12 మీటర్లకి ఒక మీటరు చొప్పున ఎక్కగలుగుతోందంటే, పట్టాల నడుమ పళ్ళపట్టా ఉండబట్టే. రెండు శాతం వాలు మీద సామాను కట్టిన సైకిలు కూడా మాట్లాడుకుంటూ తొక్కేంత హాయిగా సాగుతుంది.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ద్రావా నది వెంట ఉన్న దారి మంచిది. ఇటలీలోని డొబ్బియాకో ఊరు దాదాపు 1,250 మీటర్ల ఎత్తున ఉంది. అక్కణ్ణుంచి ఆస్ట్రియాలోని లీన్జ్ దాకా సుమారు 45 కిలోమీటర్లు, దిగుడు ఐదువందల మీటర్ల పైచిలుకు. డొబ్బియాకో దగ్గర నేల చదునుగా కనిపిస్తుంది గానీ, నిజానికి అది నీటి పంపకం జరిగే చోటు. ఒక పక్క పడిన వాన ఏడ్రియాటిక్ సముద్రానికి పోతే, ఇంకో పక్క పడింది ద్రావాలో కలిసి, డాన్యూబ్ మీదుగా నల్ల సముద్రం చేరుతుంది. సైకిలు అద్దెకి తీసుకుని, లీన్జ్‌లో అప్పగించి, రైల్లో వెనక్కి రావచ్చు.

సాధన ఉన్నవాళ్ళకి ఆల్పె ఆడ్రియా దారి ఉంది. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మొదలై ఇటలీ తీరాన గ్రాడో దగ్గర సముద్రం చేరుతుంది. పొడవు సుమారు 410 కిలోమీటర్లు. ఆరు నుంచి ఎనిమిది రోజులు పెట్టుకోవాలి. దీని కీలకమంతా నడుమనున్న టౌవెర్న్ పర్వతశ్రేణి. దాన్ని సైకిలు మీద దాటే పని లేదు. బాడ్ గాస్టైన్ ఊరి దాకా ఎక్కాక, బోక్‌స్టైన్ స్టేషన్‌లో సైకిలుతో సహా రైలెక్కితే, సుమారు ఎనిమిదిన్నర కిలోమీటర్ల సొరంగం దాటించి మాల్‌నిట్జ్‌లో దింపుతుంది. సొరంగంలో మరమ్మతులు జరిగితే ఆ రైళ్ళు నెలల తరబడి ఆగిపోవచ్చు. కాబట్టి విమానం టికెట్టు కొనకముందే అవి నడుస్తున్నాయో లేదో చూసుకోండి.

ఆ తర్వాత ఆస్ట్రియాలోనే ఉన్న విల్లాక్ ఊరు దాటి, ఇటలీలో టార్విజియో నుంచి పొంటెబ్బా మీదుగా పాత రైలుమార్గం మొదలవుతుంది. 1879లో పూర్తయిన ఆ లైను బదులు 20వ శతాబ్దం చివర్లో సొరంగాలతో కొత్త లైను వేశారు. పాతదాని మీద పట్టాలు తీసేసి తారు పరిచారు. ఇనుప వంతెనలూ సొరంగాలూ అలాగే ఉన్నాయి. చియుసాఫోర్టె పాత స్టేషనులో ఇప్పుడు కాఫీ, టిఫిన్లు దొరుకుతాయి. మొత్తం దారిలో ఈ భాగమే అన్నిటికంటే అందమైనదని మొహమాటం లేకుండా చెప్పవచ్చు. సొరంగంలోకి వెళ్ళేముందు నల్లకళ్ళద్దాలు తీసేయండి, లైటు వేయండి. లోపల చలి, నేల తడి. ఇటలీ చట్టం ప్రకారం రోడ్డు సొరంగాల్లోనూ, చీకటిపడ్డాక ఊరి బయటా మెరిసే జాకెట్టు వేసుకోవాలి.

కార్లు లేవన్నంత మాత్రాన దారి మొత్తం అలాగే ఉంటుందనుకోకండి. గాస్టైన్ లోయలోకి వెళ్ళేటప్పుడు కొంతదూరం వాహనాల మోత పక్కనే ఉంటుంది. కొన్నిచోట్ల పొలాల ట్రాక్టర్లు వస్తాయి, కొన్నిచోట్ల కంకర. అందుకే సన్న టైర్ల రేసు సైకిలు వద్దు. 35 నుంచి 42 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు వేసి, సామానుతో 45 నుంచి 55 పిఎస్ఐ (పంపు మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత) గాలి పెట్టుకోండి. బరువు వెనక చక్రం మీద ఎక్కువ కాబట్టి వెనక కాస్త ఎక్కువ గాలి ఉండాలి.

ఇక గేర్లు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి కొంచెం లెక్క వేసుకుందాం. మనిషి 70 కిలోలు, సైకిలు 15, సామాను 15, మొత్తం 100 కిలోలు. ఎనిమిది శాతం ఎగువ మీద గంటకి ఆరు కిలోమీటర్లు పోవాలంటే సుమారు 140 వాట్ల శక్తి కావాలి. సాధన ఉన్నవాళ్ళు దాన్ని గంటసేపు ఇవ్వగలరు. అంత నెమ్మదిగా పోతూ కూడా నిమిషానికి 60 సార్లు పెడల్ తిరగాలంటే, ఒక్కో చుట్టుకి సైకిలు 1.67 మీటర్లు మాత్రమే కదలాలి. అంటే ముందు 26 పళ్ళ చక్రం, వెనక 34 పళ్ళ చక్రం ఉండాలి. మన దుకాణాల్లో దొరికే చాలా హైబ్రిడ్ సైకిళ్ళకి ముందు 28, వెనక 32 ఉంటాయి, అది కూడా సరిపోతుంది. రోడ్డు సైకిలుకి తరచుగా ఉండే 34, 28 జత అయితే, అదే 60 చుట్లకి గంటకి తొమ్మిది కిలోమీటర్ల పైన పోవాల్సి వస్తుంది. దానికి 200 వాట్లు దాటిపోతుంది. అంత ఇవ్వలేక పెడల్ 40 చుట్లకి పడిపోతుంది, ప్రతి తొక్కుడూ మోకాలి మీద పడుతుంది. రెండో రోజుకి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలవుతుంది. వెనక పెద్ద క్యాసెట్టు, అంటే పళ్ళచక్రాల గుత్తి, వేయించేటప్పుడు, గొలుసుని ఒక చక్రం నుంచి ఇంకోదానికి మార్చే మీ డిరైలర్ ఎన్ని పళ్ళదాకా తీసుకుంటుందో మెకానిక్‌ని అడగండి. గొలుసు కూడా పొడవు పెంచాలి, లేకపోతే పెద్ద చక్రం మీదికి వెళ్ళగానే డిరైలర్ లాగేసుకుని విరుగుతుంది.

దారి చూసేటప్పుడు కిలోమీటర్ల కంటే ముందు, ఆ రోజు మొత్తం ఎన్ని మీటర్లు ఎక్కాలో చూడండి. చదునుగా గంటకి 15 కిలోమీటర్లు, ఎగువకి ప్రతి 350 మీటర్లకి ఒక గంట అదనంగా వేసుకోండి. 65 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు ఉంటే ఆరుగంటలు తొక్కుడు. భోజనం, విశ్రాంతి దానికి అదనం.

దిగేటప్పుడు శక్తి పెట్టక్కర్లేదు, బ్రేకులే కష్టపడతాయి. 100 కిలోల బరువు 500 మీటర్లు దిగితే వచ్చే శక్తి లీటరున్నర నీళ్ళని మరిగించేంత. వేగంగా పోతే అందులో చాలావరకు గాలి మింగేస్తుంది. భయపడి మెల్లగా, బ్రేకు పట్టుకునే దిగితే మొత్తం వేడి బ్రేకుల్లోకే పోతుంది. చక్రం అంచుని పట్టే రిమ్ బ్రేకైతే రిమ్ బాగా వేడెక్కి ట్యూబు పేలవచ్చు. చక్రం నడుమ ఉన్న పళ్ళేన్ని పట్టే డిస్కు బ్రేకైతే ప్యాడ్ నున్నగా మారి పట్టు తప్పుతుంది. ద్రవంతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకైతే లోపలి ద్రవం మరిగి లీవరు ఒక్కసారిగా మెత్తబడవచ్చు. మలుపుకి ముందే, సైకిలు నిటారుగా ఉన్నప్పుడు రెండు బ్రేకులూ గట్టిగా పట్టండి. వేగం తగ్గగానే వదిలేయండి, మలుపులో పట్టకండి. వానలో రిమ్ బ్రేకు మొదట నీళ్ళు తుడిచాకే పట్టుకుంటుంది కాబట్టి ఇంకా ముందునుంచే మొదలుపెట్టాలి. ప్యాడ్ మందం మిల్లీమీటరుకి దగ్గరైతే బయల్దేరకముందే మార్చేయండి.

కాలం గురించి ఒక మాట. మే చివరినుంచి సెప్టెంబరు దాకా మంచిది. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం తర్వాత ఉరుములతో వాన రావచ్చు, పొద్దున్నే ఎక్కుడు ముగించుకోండి. ఎండకి కొండవాలులు వేడెక్కితే గాలి లోయ పైకి లాగుతుంది. కాబట్టి మధ్యాహ్నం దిగువకి పోతున్నా ఎదురుగాలే తగులుతుంది.

సామానులో రెండు ట్యూబులు, ప్యాచీలు, పంపు, గొలుసు తెగితే కలపడానికి దానికి సరిపోయే క్విక్ లింకు, ఒక జత బ్రేకు ప్యాడ్లు, వెనక చక్రం గేర్లవైపు పుల్లలు (స్పోకులు) రెండు ఉండాలి. ఇంకా డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగరు ఒకటి. అది ప్రతి సైకిలు మోడలుకీ వేరు, అక్కడి దుకాణంలో దొరుకుతుందని నమ్మకండి. రైల్లోకి ఎక్కించేటప్పుడు తగిలి వంగేది ముందు అదే. క్యారియర్ బోల్టులు రోజూ పొద్దున్న బిగించి చూసుకోండి.

బెంగళూరు నుంచి సైకిలు విమానంలో తీసుకెళ్ళాలంటే దుకాణంలో ఖాళీ అట్టపెట్టె అడిగి తెచ్చుకోండి. పెట్టెలో పట్టడానికి పెడల్స్ విప్పేటప్పుడు, ఎడమ పెడల్ మర మామూలు మరకి ఎదురుదిక్కుగా తిరుగుతుంది, బలవంతం చేస్తే మర చెడిపోతుంది. ఎలక్ట్రిక్ సైకిలు బ్యాటరీని విమానంలో అనుమతించరు, అది అక్కడే అద్దెకి తీసుకోవాలి.

గ్రాడో చేరినవాళ్ళు వెనక్కి రావడానికి చెర్విన్యానో స్టేషను దాకా ఉత్తరానికి 18 కిలోమీటర్లు తొక్కాలి. అక్కణ్ణుంచి ఉడీనె వెళితే, సైకిళ్ళని తీసుకెళ్ళే మికోట్రా రైలు విల్లాక్ చేరుస్తుంది. సైకిలుకి వేరే టికెట్టు తీసుకోవాలి, చోటు పరిమితం. రైలు రాకముందే ప్లాట్‌ఫారం మీద సంచులు విప్పి చేత్తో పట్టుకోండి.